దినాల లెక్క, దినార్ల లెక్క

(రుద్రూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మనం పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటాం. ఈ ఏడు కార్యదర్శి గారు వచ్చి, "మీరు ఆదాయపు పన్ను గురించి చెప్పాలె" అన్నారు. "మన ఊళ్ళో పన్ను కట్టేంత ఆదాయం ఎంతమందికి ఉంది భాయ్?" అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "పన్ను లేనోళ్ళకే ఎక్కువ భయం ఉన్నది" అన్నారు. ఆలోచించి చూస్తే ఆ మాట నిజమే.

మూడేళ్ళ కిందట జరిగిన సంగతి చెబుతాను. ఒక సాయంత్రం మగ్రిబ్ అయిన తర్వాత మా గల్లీ చివరింటి ఆపా ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. వాళ్ళాయన సౌదీలో 14 ఏళ్ళు పనిచేసి, ఫైనల్ ఎగ్జిట్ తీసుకొని వచ్చి, ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ కాగితం ఆదాయపు పన్ను శాఖ నోటీసు. ప్లాటుకూ ఇంటికీ డబ్బు ఎక్కడిది, బ్యాంకులో వేసిన నగదు ఎక్కడిది, పలానా తేదీలోగా చెప్పాలని అందులో ఉంది. నోటీసు వచ్చి అప్పటికే నెల దాటింది. అది పోయింది ఒక ఈమెయిల్‌కు. ఆ ఈమెయిల్ ఎవరిదంటే, ఎన్నడో పాన్ కార్డు చేయించిన ఇంటర్నెట్ సెంటరు పిల్లవాడిది! ఆపా కళ్ళలో నీళ్ళు పెట్టుకొని, "చాచా, మా ఆయన దొంగతనం చేయలేదు, ఎండలో రాళ్ళు మోసిండు. ఇదేమిటి?" అని అడిగింది.

ఆ కథ ఎక్కడ తేలిందో చివర చెబుతాను. ముందు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి. మన దేశంలో ఎవరి మీద పన్ను పడుతుంది, ఎవరి మీద పడదు, గల్ఫ్ జీతం సంగతేమిటి, బయటి దేశాల వాళ్ళు ఇక్కడ సంపాదిస్తే ఏమవుతుంది, ఇవన్నీ ఒక వరుసలో చెప్పుకుందాం.

పుట్టుక

మన దేశంలో ఈనాటి తీరు ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటు తర్వాత ఖాళీ అయిన ఖజానాను నింపడానికి జేమ్స్ విల్సన్ అనే బ్రిటిష్ ఆర్థిక సభ్యుడు దాన్ని తెచ్చాడు. అయితే మన ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఇక్కడ రాబడి అంటే ప్రధానంగా భూమి శిస్తే. నిజాంసాగర్ నీళ్ళు పారే పొలాల మీద శిస్తు ఎంత, తడి ఎంత, పొడి ఎంత అనేదే మన తాతలకు తెలిసిన లెక్క. హైదరాబాదు రాజ్యం తన సొంత ఆదాయపు పన్ను చట్టాన్ని 1357 ఫస్లీలో చేసుకున్నది. పోలీసు చర్య తర్వాత, 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ప్రభుత్వ చట్టమే ఇక్కడికీ వచ్చింది. ఆ పాత చట్టం స్థానంలో 1961 చట్టం వచ్చి అరవై ఏళ్ళకు పైగా నడిచింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు. అది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లు మారాయి, భాష కొంత సులువైంది. కానీ ఇప్పుడు నేను చెప్పబోయే మూల సూత్రం మాత్రం మారలేదు.

మూల సూత్రం

చాలామంది అనుకునేదేమిటంటే, "నాది ఇండియా పాస్‌పోర్టు గనుక నేను ఎక్కడ సంపాదించినా ఇండియాకు పన్ను కట్టాలి" అని. మరికొందరు "నేను ఎన్‌ఆర్‌ఐని గనుక నాకు దేనిమీదా పన్ను లేదు" అంటారు. రెండూ తప్పే.

మన చట్టం మొట్టమొదట అడిగేది పాస్‌పోర్టు రంగు కాదు. మతం కాదు, పుట్టిన ఊరు కాదు. "ఈ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఈ దేశంలో ఎన్ని దినాలు ఉన్నావు?" అని అడుగుతుంది. 182 దినాలు, అంతకు పైన ఉన్నవాడు ఆ ఏడాదికి నివాసి, అనగా రెసిడెంట్. ఇంకో లెక్క కూడా ఉన్నది. ఈ ఏడాది 60 దినాలుండి, అంతకు ముందు నాలుగేళ్ళలో మొత్తం 365 దినాలున్నా నివాసే. కానీ ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్ళే భారత పౌరుడికీ, బయట ఉంటూ చుట్టపు చూపుగా వచ్చిపోయే భారత పౌరుడికీ ఆ 60 స్థానంలో 182 పెట్టి చట్టం దయ చూపింది. వచ్చిపోయేవారిలో ఒకరికే అది తగ్గుతుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి 182 బదులు 120 దినాలు.

ఇక ఫలితం చూడండి. నివాసి అయితే లోకంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయం ఇక్కడి లెక్కలోకి వస్తుంది. నివాసి కాకపోతే ఇక్కడ పుట్టిన ఆదాయం, లేదా నేరుగా ఇక్కడ చేతికందిన ఆదాయం మాత్రమే లెక్కలోకి వస్తుంది. విదేశీయుడికీ ఇదే త్రాసు. హైదరాబాదులో కంపెనీ ఉద్యోగానికి వచ్చిన జపాను ఇంజనీరు ఇక్కడ చేసిన పనికి తీసుకునే జీతం మీద ఇక్కడే పన్ను కట్టాలి. దినాలు నిండి పూర్తి నివాసి అయితే తన దేశంలోని ఇంటి కిరాయి కూడా చూపాలి. విదేశీ కంపెనీ తన మనిషిని కొద్ది రోజుల పనికి పంపితే, అతడు 90 దినాలకు మించి ఉండకపోతే, ఆ కంపెనీ ఇక్కడ వ్యాపారం చేయనిదైతే, ఆ జీతానికి మినహాయింపు ఉన్నది. మనవాడు అక్కడికి పోయినా, అక్కడివాడు ఇక్కడికి వచ్చినా న్యాయం ఒకటే.

అన్ని దేశాలూ ఇలాగే ఉన్నాయా అంటే, కాదు. అమెరికాలో దినాల లెక్కతో పాటు పౌరసత్వం లెక్క కూడా ఉన్నది. అమెరికా పౌరుడూ, గ్రీన్ కార్డు ఉన్నవాడూ రుద్రూర్‌కు వచ్చి కూర్చున్నా అక్కడ తన ప్రపంచ ఆదాయం మొత్తం చూపవలసిందే. మన చుట్టాల్లో డాలసుకో, చికాగోకో పోయినవాళ్ళు ఈ తేడా తెలుసుకొని ఉండాలి.

గల్ఫ్ సంగతి

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలైనప్పటి నుంచి మన నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల వాళ్ళు మస్కట్, దుబాయి, కువైట్, సౌదీ దారి పట్టారు. చెరుకు గడలు బోధన్ ఫ్యాక్టరీకి బండ్ల మీద పోయిన కాలంలోనే మన పిల్లలు విమానం ఎక్కారు. 2015లో ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఇప్పుడు మన మొహల్లాలో గల్ఫ్ మొహం చూడని ఇల్లు వెతకాలి.

సౌదీ, ఎమిరేట్లు, కువైట్, కతార్, బహ్రెయిన్‌లలో కూలి మీద, జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఒమాన్ మాత్రం 2025లో ఒక చట్టం చేసింది. ఏడాదికి 42 వేల రియాళ్ళు దాటిన ఆదాయం మీద నూటికి 5 చొప్పున, 2028 జనవరి 1 నుంచి. గల్ఫ్ దేశాల్లో ఇదే మొదటిది. 42 వేల ఒమాన్ రియాళ్ళంటే మన మేస్త్రీలకు, డ్రైవర్లకు తగిలే మొత్తం కాదు, పెద్ద హోదాల వాళ్ళకే. గనుక మస్కట్‌లో ఉన్న కొడుకు గురించి ఏ తల్లీ బెంగ పెట్టుకోనక్కర లేదు.

అయితే ఆదాయపు పన్ను లేదంటే ఏ పన్నూ లేదని కాదు. సౌదీలో, ఎమిరేట్లలో 2018 జనవరి నుంచి కొనే వస్తువు మీద వ్యాట్ ఉన్నది. సౌదీ దాన్ని 2020 జులైలో నూటికి 5 నుంచి 15 చేసింది. కుటుంబాన్ని పిలిపించుకున్నవాళ్ళ మీద 2017 జులై నుంచి మనిషికి నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుము పెట్టి, 2020 నాటికి 400 దాకా పెంచారు. దాంతో ఎంతోమంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపించవలసి వచ్చింది. పన్ను పేరు మారుతుంది గానీ రాజ్యం ఖర్చుకు డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావలసిందే కదా!

2020 ఫిబ్రవరి బడ్జెటు వచ్చిన రోజు మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ణి ఇక్కడి నివాసిగా లెక్కిస్తామని అందులో ఒక మాట వచ్చింది. ఆ రాత్రి దమ్మామ్ నుంచి, షార్జా నుంచి ఎన్ని ఫోన్లు! "మా జీతంలో మూడో వంతు గుంజుకుంటారట నిజమేనా?" అని. మరునాడే ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది, గల్ఫ్‌లో నిజాయితీగా పనిచేసుకునేవారి జీతం మీద పన్ను వేసే ఉద్దేశం లేదని. చట్టమైన రూపంలో అది ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికే వర్తిస్తుంది, వారికి కూడా విదేశీ జీతం మీద పన్ను పడదు. కానీ ఆ ఒక్క రాత్రిలో భయపడి డబ్బు హుండీ వాళ్ళ చేతిలో పెట్టినవాళ్ళు ఉన్నారు. వదంతికి కట్టిన పన్ను అది!

పోయే ఏడాది, వచ్చే ఏడాది

ఇబ్బంది అంతా ఈ రెండు ఏళ్ళలోనే. ఉద్యోగానికి పోయే ఏడాదిలో సెప్టెంబరు 28లోపు విమానం ఎక్కి మళ్ళీ మార్చి దాకా రానివాడికి ఇక్కడి దినాలు 181కి మించవు. అతడు ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్. నవంబరులో పోయినవాడు మాత్రం ఆ ఏడాదికి నివాసే. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ తీసుకున్న నాలుగు నెలల జీతం ఇక్కడి లెక్కలోకి వస్తుంది. వస్తుంది గానీ హడలిపోవద్దు. నెలకు 35 వేల చొప్పున అది 1 లక్షా 40 వేలు. మన దేశంలో కొత్త పద్ధతిలో 2025 బడ్జెటు చేసిన మార్పుతో మొదటి 4 లక్షల మీద పన్నే లేదు. నివాసికి 12 లక్షల దాకా మామూలు ఆదాయం ఉన్నా రిబేటు వల్ల కట్టవలసింది సున్నా.

తిరిగి వచ్చే ఏడాదిలో అక్టోబరు 1న గానీ, అంతకు ముందు గానీ వచ్చి ఉండిపోతే 182 నిండి నివాసి అవుతాడు. కానీ చట్టం అతనికి ఒక మెత్తని మెట్టు వేసింది. వెనకటి 10 ఏళ్ళలో 9 ఏళ్ళు నాన్ రెసిడెంటుగా ఉన్నా, వెనకటి 7 ఏళ్ళలో ఇక్కడ ఉన్నది 729 దినాలకు మించకపోయినా, అతడు పూర్తి నివాసి కాడు. "సాధారణ నివాసి కాని నివాసి" అనే మధ్య తరగతిలో ఉంటాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలలు సెలవు మీద వచ్చిపోయే మనవాళ్ళు అందరూ దాదాపు ఇందులోకే వస్తారు. ఈ తరగతిలో ఉన్నంత కాలం అక్కడ సంపాదించి అక్కడే అందుకున్న జీతం, అక్కడి ఆదాయం ఇక్కడ పన్నుకు రాదు. ఆ తర్వాత పూర్తి నివాసి అయినప్పుడు మాత్రం అక్కడ మిగిలిన బ్యాంకు ఖాతా కూడా రిటర్నులో చూపాలి. విదేశీ ఆస్తిని దాచిపెడితే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానాకు చోటున్నది.

ఇక్కడ ఒక చిన్న మనవి. దినాల అంచు మీద నడవకండి. 181, 182 అని వాదించే పరిస్థితి తెచ్చుకోక ఐదారు రోజులు ఎడంగా ఉండండి. జీతం కూడా ముందు అక్కడి మీ బ్యాంకు ఖాతాలో పడాలి, తర్వాత ఇంటికి రావాలి.

రెండు ఖాతాలు

మన బ్యాంకుల్లో గల్ఫ్ వాళ్ళకు రెండు రకాల ఖాతాలున్నాయి. బయట సంపాదించిన డబ్బు వేసుకునేది ఎన్‌ఆర్‌ఈ. దాని వడ్డీ మీద పన్ను లేదు. ఇక్కడి ఇంటి కిరాయి, ఇక్కడి రాబడి వేసుకునేది ఎన్‌ఆర్‌ఓ. దాని వడ్డీ మీద బ్యాంకే ముందుగా నూటికి 30, దాని మీద సెస్సు, వెరసి నూటికి 31 రూపాయల 20 పైసలు కోసేస్తుంది.

మనవాళ్ళు చేసే తప్పేమిటంటే, పోకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతానే ఇరవై ఏళ్ళు నడుపుతారు. పైగా పన్ను కోయవద్దని ఇచ్చే డిక్లరేషన్ ఫారం ఉంటుందే, పాతవాళ్ళకు 15జి అనే పేరుతో తెలుసు, దాని మీద తండ్రో తమ్ముడో సంతకం పెట్టేస్తాడు. ఆ ఫారం నివాసులకే. నాన్ రెసిడెంటు ఇవ్వరాదు.

"30 కోస్తే మునిగినట్టే గదా?" అంటారు. కాదు. ఒక లెక్క చూడండి. ఒకతని ఎన్‌ఆర్‌ఓ డిపాజిటు మీద ఏడాదికి 60 వేలు వడ్డీ వచ్చింది. బ్యాంకు 18,720 కోసింది. అతనికి ఈ దేశంలో వేరే ఆదాయం లేదు. 60 వేలు 4 లక్షల లోపే గనుక అతడు కట్టవలసిన పన్ను సున్నా. జులై 31 లోపు రిటర్ను వేస్తే ఆ 18,720 మొత్తం వెనక్కి వస్తుంది. వేయకపోతే సర్కారు దగ్గరే ఉండిపోతుంది. మన ఊళ్ళో ఇలా వదిలేసినవాళ్ళను నేనెరుగుదును.

మరో తేడా కూడా తెలుసుకోండి. 12 లక్షల దాకా సున్నా అనే రిబేటు నివాసికే. ఇక్కడ కిరాయిలూ వడ్డీలూ కలిపి 7 లక్షల పన్నువేసే ఆదాయం ఉన్న ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. ఊళ్ళో ఉన్న అన్నకు పన్ను సున్నా. దుబాయిలో ఉన్న తమ్ముడికి 4 లక్షలు పోను 3 లక్షల మీద నూటికి 5 చొప్పున 15 వేలు, సెస్సుతో 15,600. తమ్ముడు కోపం తెచ్చుకోవచ్చు. కానీ అతని దుబాయి జీతం మొత్తాన్ని ఇదే చట్టం ముట్టుకోలేదు కదా!

తిరిగి వచ్చి స్థిరపడినప్పుడు ఎన్‌ఆర్‌ఈ ఖాతాను అలాగే ఉంచకూడదు. పన్ను చట్టం దినాలు లెక్కపెడుతుంది గానీ, 2000 జూన్ 1 నుంచి అమలులో ఉన్న విదేశీ మారకద్రవ్య చట్టం, అదే ఫెమా, మనిషి ఉండిపోవడానికి వచ్చాడా అని చూస్తుంది. ఉండిపోవడానికి వస్తే వెంటనే బ్యాంకుకు చెప్పి ఖాతా మార్పించుకోవాలి.

ఇంటికి పంపిన డబ్బు

అక్కచెల్లెళ్ళు ఎక్కువగా అడిగేది ఇది. "మా ఆయన పంపే డబ్బు మీద నాకు పన్ను పడుతదా?" పడదు. భర్త, కొడుకు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బు ఆదాయం కాదు. స్నేహితులు, బయటివాళ్ళు ఇచ్చింది ఏడాదిలో 50 వేలు దాటితేనే ఆదాయమవుతుంది. అయితే భర్త ఇచ్చిన డబ్బు భార్య పేరున డిపాజిటు వేస్తే దాని వడ్డీని భర్త ఆదాయంలోనే కలిపి చూస్తారు. భార్య పేరు పెడితే పన్ను పోతుందనుకోవడం పొరపాటు. ఇక ఇంటి యజమాని పరదేశంలో కన్నుమూస్తే వారసులకు వచ్చిన సొత్తు మీద ఆదాయపు పన్ను లేదు. అల్లాహ్ ఎవరికీ ఆ కష్టం తేకూడదు గాని, తెలిసి ఉండటం మంచిది.

పొలం సంగతి. వరి మీదా, చెరుకు మీదా వచ్చిన రాబడికీ, పొలం కౌలుకూ ఆదాయపు పన్ను లేదు, యజమాని గల్ఫ్‌లో ఉన్నా సరే. కానీ ఫెమా ప్రకారం ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమి కొనరాదు. తాతల నుంచి వచ్చినదీ, పోకముందు కొన్నదీ ఉంచుకోవచ్చు. సెలవు మీద వచ్చి తన పేర రెండెకరాలు రాయించుకునేవాళ్ళు ఇది గమనించాలి.

ప్లాటు అమ్మేటప్పుడు కూడా తేడా ఉన్నది. బోధన్‌లోనో నిజామాబాదులోనో ఉన్న ఇంటి ప్లాటును 20 లక్షలకు అమ్మారనుకోండి. అమ్మినవాడు నివాసి అయితే 50 లక్షల లోపు గనుక కొన్నవాడు ఏమీ కోయనక్కర లేదు. అమ్మినవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే కొన్నవాడు పన్ను కోసి సర్కారుకు కట్టాలి. రెండేళ్ళు దాటి ఉంచుకున్న ప్లాటుకు రేటు నూటికి 12.5, సెస్సుతో 13. లాభం ఎంతో అధికారి సర్టిఫికెట్టు తెచ్చుకోకపోతే సాధారణంగా మొత్తం ధర మీదే, అంటే 2 లక్షల 60 వేలు కోస్తారు. అతడు 14 లక్షలకు కొన్నాడనుకుంటే లాభం 6 లక్షలు, అసలు పన్ను 78 వేలే. మిగతా 1 లక్షా 82 వేలు రిటర్ను వేసి తెచ్చుకోవాలి. కొన్నవాడు కోయకపోతే శాఖ వెంటపడేది కొన్నవాడినే. గనుక ఊళ్ళో కొనేవాళ్ళు కూడా "అమ్మేటాయన ఎక్కడుంటడు?" అని ముందే అడగాలి.

జకాత్ సంగతి

"మేము జకాత్ ఇస్తున్నాం గదా, మళ్ళీ పన్నెందుకు?" అని కొందరు యువకులు అడిగారు. జకాత్ మన ఫర్జ్. నిసాబ్ దాటి చాంద్రమానం ప్రకారం ఏడాది నిలిచిన సొమ్ములో నలభయ్యో వంతు, హక్కుదారులకు. పన్ను ఆదాయం మీద, రాజ్యం ఖర్చుకు. ఒకటి ఇస్తే రెండోది తీరదు. మలేషియాలో చెల్లించిన జకాత్‌ను ఆదాయపు పన్నులో తగ్గించుకోనిస్తారు. సౌదీలో 2021 నుంచి జకాత్, పన్నులు, కస్టమ్స్ అన్నీ ఒకే సంస్థ చూస్తుంది. అక్కడ సౌదీల వ్యాపారం మీద జకాత్, విదేశీయుల వ్యాపార లాభం మీద నూటికి 20 పన్ను. మన దేశంలో ఆ ఏర్పాటు లేదు. నడిచే రోడ్డూ, ప్రసవం చేసే సర్కారు ఆసుపత్రీ, పిల్లల బడీ మనమూ వాడుకుంటున్నాం. అప్పు తీర్చినట్టు ఇవ్వవలసింది ఇవ్వాలి, ఇవ్వనక్కర లేనిదాన్ని ధైర్యంగా లేదని చెప్పాలి.

గల్ఫ్ సోదరులకు ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత కష్టార్జితం నుంచి బ్యాంకు ద్వారా సంఘానికి పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. భయం లేకుండా పంపండి, రసీదు తీసుకోండి.

ఆ కాగితం ఏమైంది

ఇప్పుడు ఆపా కథకు వస్తాను. వాళ్ళాయన 14 ఏళ్ళలో సగం డబ్బు బ్యాంకు ద్వారా పంపాడు. తక్కిన సగం హుండీ. "ఫోన్ చేస్తే గంటల ఇంటికొచ్చి ఇస్తరు, రేటు కూడా రూపాయి ఎక్కువ" అన్నాడు. మేము కూర్చొని పాస్‌పోర్టులు వెతికాం. రెండో పాస్‌పోర్టు ఉన్నది. మొదటిది, అక్కరకు రాదని పారేశారు. రెండోదాని ముద్రలతో కొన్నేళ్ళ దినాల లెక్క నిలబడింది. అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు తెప్పించాం. బ్యాంకులో వచ్చిన సగానికి అధికారి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ఇది గల్ఫ్ జీతం, దీని మీద పన్ను లేదు" అని వదిలేశారు.

హుండీ సగానికి మాత్రం మా దగ్గర ఏ కాగితమూ లేదు. తెచ్చి ఇచ్చినవాడి పేరు తెలియదు, రసీదు లేదు. లెక్క చెప్పలేని డబ్బు మీద స్లాబులు లేవు, మినహాయింపులు లేవు, గట్టి రేటే. అది కట్టడానికి ఆపా తన నగలు అమ్మింది. ఆలోచించండి. అది కూడా ఎండలో రాళ్ళు మోసిన డబ్బే. బ్యాంకులో వచ్చిన రూపాయికీ దీనికీ చెమటలో తేడా లేదు. చట్టప్రకారం రెండింటి మీదా పన్ను పడకూడదు. హుండీలో మిగిలిన రూపాయి రూపాయి కలిపినా ఆ నగల్లో ఒక గొలుసు రాదు. ఆ పన్ను ఆదాయం మీద పడ్డది కాదు, సాక్ష్యం లేకపోవడం మీద పడ్డది.

అందుకే నా ప్రసంగమంతా కలిపి ఒక్క మాట. గల్ఫ్ కష్టం మీద మన దేశం పన్ను అడగదు, కానీ అది గల్ఫ్ కష్టమేనని చూపించవలసింది మనమే.

దీనికోసం ఇంటింటా ఒక ఇనుప డబ్బా పెట్టుకోమని మనవి. అందులో పాత పాస్‌పోర్టులన్నీ, ఒక్కటీ పారేయకుండా. ఇఖామా నకళ్ళు, ఒప్పందం కాగితం, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, పంపిన డబ్బు రసీదులు, ఇల్లు కట్టిన బిల్లులు. గోడకు వేలాడే క్యాలెండరులో వచ్చిన రోజు, పోయిన రోజు రాసి, ఏడాది చివర ఆ కాగితం చింపి అదే డబ్బాలో వేయండి. పాన్ కార్డుకు మీ సొంత ఫోన్ నంబరు, మీ ఇంటి పిల్లల ఈమెయిల్ పెట్టించండి. డిగ్రీ చదివే ఆడపిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు, వారానికొకసారి వాళ్ళచేత ఆ ఈమెయిల్ చూపించండి.

సంఘానికి కూడా ఒక విన్నపం. ప్రతి ఏడూ జూన్, జులై నెలల్లో రెండు ఆదివారాలు ఈ హాలులోనే కూర్చొని, చదువుకున్న పిల్లలతో, తెలిసిన ఒక ఆడిటరు గారితో గల్ఫ్ కుటుంబాల కాగితాలు చూసే ఏర్పాటు చేద్దాం. ఎవరి ఆదాయం ఎంతో బయటికి పొక్కకుండా చూసుకుందాం. కోసిన పన్ను వెనక్కి తెచ్చుకునే ఇళ్ళు మనలోనే ఎన్నో తేలుతాయి.

ఆ ఆపా ఈ రోజు పర్దా అవతల కూర్చొని వింటున్నది. ఆమె అనుమతి తీసుకొనే ఈ కథ చెప్పాను. "నా పేరు చెప్పకు చాచా, సంగతి మాత్రం చెప్పు, ఇంకెవ్వరి నగలు పోవద్దు" అన్నది. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు.

 పరదేశంలో ఉన్న మన పిల్లల్ని అల్లాహ్ చల్లగా చూడాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.